షోరూంలో చీకటి

నాచారంలో జీవన్ కుమార్ ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా, ముందు ఆ డబ్బు ఇరవై ఏళ్లకు ఎంతవుతుందో తెలుసుకోవాలి. మిక్సీ కాలిపోయి భార్య దోర్కా కొత్తది అడిగినప్పుడు, అదే సొమ్ము మ్యూచువల్ ఫండ్‌లో పడేస్తే ఎంత పెరుగుతుందో ఫోన్‌లో లెక్కగట్టి చూపించాడు.

"ఇరవై ఏండ్ల దాంక పచ్చడి ఎట్ల నూరాలె?" అని అడిగింది దోర్కా.

"రోలు లేదా?" అన్నాడు.

రోలు ఉన్న మాట నిజమే. నూరాల్సింది అతను కాదు. అదీ నిజమే.

జీవన్ కుమార్ నాచారం పారిశ్రామికవాడలో, మందుసీసాల మూతలు చేసే ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. జీతం బాగానే వస్తుంది. ఇల్లు సొంతం. కూతురు నిస్సీ నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. ఇంట్లో ఉండేది అతనూ, దోర్కా, అతని తల్లి లూర్దమ్మ. లోటేమీ లేని సంసారం. లోటున్నట్టు బతకడమంటే మాత్రం అతనికి ఇష్టం. అలా బతకమని పదిమందికి చెప్పడం ఇంకా ఇష్టం. అందుకే 'రూపాయికి రక్షణ' అని యూట్యూబులో ఒక చానెల్ పెట్టాడు. చర్చివాళ్లూ ఆఫీసువాళ్లూ బస్తీవాళ్లూ కలిపి కొన్ని వందలమంది చూస్తారు. ఇంట్లో మనలాగే మాట్లాడే మనిషి, కెమెరా ముందు కూర్చోగానే "ప్రియమైన పొదుపు మిత్రులారా" అంటూ పుస్తకాల భాష అందుకుంటాడు. ఈఎంఐ ఒక ఉచ్చు అంటాడు. చల్లగాలికి అలవాటుపడ్డ ఒళ్లు అప్పుకు అలవాటుపడుతుందంటాడు.

ఉదాహరణకు అతనికి ఎదురిల్లే దొరికింది. ఎదురింటి బాలనర్సింహ వాళ్లది తరతరాలుగా నాచారమే. ఇప్పుడు కాలనీలున్న చోట ఒకప్పుడు వాళ్లకు జొన్నచేలుండేవి. భూమి అమ్మగా వచ్చినదాంతో నాలుగు పోర్షన్లు కట్టి కిరాయికిచ్చి, మిగిలిన జీవితాన్ని సుఖపడటానికి కేటాయించాడు. గదికో ఏసీ, రెండు తలుపుల ఫ్రిజ్, పెద్ద ఇన్వర్టర్, కాళ్లు చాపితే వెనక్కి వాలే కుర్చీ, అన్నీ ఉన్నాయి. సగం వస్తువులు వాయిదాల మీద తెచ్చాడు. జీవన్ కుమార్ ఆ ఇంటి మీద 'మా ఎదురింటాయన చేసిన ఏడు తప్పులు' అని వీడియో తీస్తే, బాలనర్సింహ నొచ్చుకోలేదు. "అన్న నా మీద వీడియో తీసిండు" అని చుట్టాలందరికీ పంపాడు.

దోర్కా ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. పుట్టినరోజులకూ నిశ్చితార్థాలకూ లాలాపేట్ నుంచి మేడిపల్లి దాకా ఆర్డర్లొస్తాయి. క్రీము నిలవుండటానికి చల్లదనం కావాలి కాబట్టి, ఇన్వర్టర్ కొందామని రెండు వేసవుల నుంచి అడుగుతోంది.

"కరెంటు ఎంతసేపు పోతదే? గంటనో, అర్ధగంటనో. గా గంట కోసం గింత పెట్టాల్నా?" అనేవాడు జీవన్ కుమార్.

"ఎమర్జెన్సీ ఫండ్ అని దాస్తున్నవు గదా. అండ్లకెల్లి తియ్యి."

"ఎమర్జెన్సీ ఫండ్ ఎమర్జెన్సీకే."

ఏది ఎమర్జెన్సీ అన్నది ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. లూర్దమ్మ పన్ను పీకించుకున్నప్పుడు కాలేదు. వానకు వంటింటి కప్పు కారినప్పుడూ కాలేదు. ఆ ఫండ్ మాత్రం బ్యాంకులో బలంగా పెరుగుతోంది.

మే నెలలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. దుమ్ము లేచింది. రేకులెగిరాయి. వీధి చివర నిద్రగన్నేరు చెట్టు కూకటివేళ్లతో లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడింది. ఢామ్మని ఒక చప్పుడు, నీలంగా ఒక మెరుపు, ఆ తర్వాత బస్తీ అంతా చీకటి.

అందరూ అయ్యో అన్నారు. జీవన్ కుమార్ ముఖం మాత్రం వెలిగింది.

"దోర్కా, కొవ్వొత్తి తే! అమ్మను ఇటు కూసోబెట్టు," అన్నాడు హుషారుగా. కొవ్వొత్తి తన ముఖం మీద ఎటువైపు పడితే బాగుంటుందో చూసుకుని, ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించాడు.

"ప్రియమైన పొదుపు మిత్రులారా! ఇవాళ మా ఇంటికి ఒక అతిథి వచ్చింది. ఆ అతిథి పేరు చీకటి. మీట నొక్కితే వెలుతురు, మీట నొక్కితే గాలి. ఈ వరాలను మనం ఏనాడైనా లెక్కలోకి తీసుకున్నామా? మన పెద్దలు ఇవేవీ లేకుండానే ఎంత ఆనందంగా బతికారో, మా అమ్మగారి మాటల్లోనే వినండి." ఫోన్‌ను తల్లివైపు తిప్పి గొంతు మార్చాడు. "అమ్మా, నీ చిన్నప్పుడు కరెంటు లేకుండె గదా. ఎంత సంతోషంగ ఉండేటోళ్లో జర చెప్పు."

"ఎవరు సంతోషంగున్నరు?" అంది లూర్దమ్మ.

"మీరే. వెన్నెల్ల మంచాలేసుకొని, కథలు జెప్పుకుంట..."

"వెన్నెల నెలంత ఉంటదారా? మిగిలిన దినాలు తేళ్లు. మా చెల్లె చీకట్ల చెయ్యి పెడితే కుట్టింది, రెండు దినాలు ఒర్లింది. కిరసనాయిలు బుడ్డి పొగకు పొద్దుగాల ముక్కు చీదితే మసి వస్తుండె."

"అది కాదమ్మా, మనశ్శాంతి..."

"నువ్వు పుట్టేటప్పుడు బుడ్డిల నూనె అయిపోయింది. మంత్రసాని తడుముకుంట బొడ్డు కోసింది. బొడ్డే కోసిందో ఇంకేం కోసిందో తెల్లారేదాంక నాకు ఫికరే. ఇగ మనశ్శాంతి యాడిది?" ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. "మా ఊరికి కరెంటొచ్చిన దినం ఆ బుడ్డిని తీస్కపోయి పెంట మీద ఇసిరేసిన. ఇగ ఆపు. ఆ కొవ్వొత్తి దూరం బెట్టు, ఉడుకొస్తున్నది."

దోర్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. జీవన్ కుమార్ మాత్రం వీడియోను పారెయ్యలేదు. తల్లి మాటలన్నీ కత్తిరించి, ముఖం తుడుచుకుంటున్న ఆమెను మాత్రం ఉంచి, వెనక ఏదో వేణువు సంగీతం కలిపి, కింద 'ఆ రోజులే వేరు' అని రాసి పెట్టాడు. చూస్తే ఆమె పాత రోజులు తలుచుకుని కళ్లు తుడుచుకుంటున్నట్టే ఉంది. చర్చివాళ్లు చేతులు జోడించిన బొమ్మలు పంపారు.

తెల్లారాక అసలు సంగతి తెలిసింది. ట్రాన్స్‌ఫార్మర్ పూర్తిగా కాలిపోయింది. ఆ గాలికి ఎన్నో చోట్ల స్తంభాలు పడ్డాయి, కొత్తది రావడానికి టైము పడుతుందన్నారు. అప్పటిదాకా పక్క కాలనీ లైనుకు తాత్కాలికంగా కలిపారు. దానిమీద బరువెక్కువై, గంట ఉంటే మూడు గంటలు పోతోంది. బాలనర్సింహ ఇంట్లో ఆ ఉన్న గంటలో ఇన్వర్టర్ చార్జయి, పోయిన మూడు గంటలూ ఫ్యాన్లూ ఫ్రిజ్జూ నడుస్తున్నాయి. జీవన్ కుమార్ ఇంట్లో ఆ గంటలో మోటరేసి నీళ్లు ఎక్కించాలో, ఫ్రిజ్ చల్లబడనివ్వాలో, లూర్దమ్మకు ఫ్యానేయాలో తేల్చుకునేలోపే కరెంటు పోతోంది.

జీవన్ కుమార్ ఆఫీసుకు వెళ్లాడు. ఆఫీసులో జనరేటరుంది, ఏసీ ఉంది. ఎన్నడూ లేనిది ఆ రోజు అతను ఓవర్‌టైం చేశాడు.

దోర్కాకు శనివారానికి ఒక పెద్ద ఆర్డరుంది. లాలాపేట్‌లో ఎవరిదో యాభయ్యో పుట్టినరోజు, రెండంతస్తుల కేకు. మధ్యాహ్నానికి క్రీము గిన్నె తీసి చూస్తే, అది క్రీములా లేదు, పలచటి గంజిలా ఉంది. ఐసు తెచ్చి చుట్టూ పెట్టింది. ఐసు కరిగింది. క్రీము గట్టిపడలేదు. ఉన్నదాంతోనే ఒక పొర రాసి చూసింది. పొర మెల్లగా జారి బల్ల మీదికొచ్చింది. చివరికి ఫోన్ చేసి, నా వల్ల కాదమ్మా, అడ్వాన్సు తిరిగి పంపిస్తా అని చెప్పింది. అవతలామె మంచి మాటే అంది, కానీ చివర్లో, "ముందే చెప్తే బేకరీల ఇచ్చుకుంటుంటిమి" అంది. ఆ ఒక్క మాట దోర్కాకు గుచ్చుకుంది. ఇన్నేళ్లలో ఆమె ఒక్క ఆర్డరు కూడా కాదనలేదు.

సాయంత్రం జీవన్ కుమార్ ఒంటి మీద చెమట చుక్క లేకుండా ఇంటికొచ్చాడు.

"నా ఆర్డర్ పోయింది," అంది దోర్కా.

"పోనీలే. కష్టాలొస్తేనే వస్తువుల విలువ తెలుస్తది."

"ఇన్వర్టర్ కొందాం. ఆ ఫండ్ల నుంచి తియ్యి. ఇప్పుడన్న ఎమర్జెన్సీయేనా?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, గడ్డం కూడా పట్టుకున్నాడు. "ఇది ఇన్‌కన్వీనియెన్స్. ఎమర్జెన్సీ కాదు. రెండిటికి ఫరకుంది. దీని మీద ఒక వీడియో జేస్త."

కేకుల డబ్బుతో దోర్కా వేస్తున్న చిట్టీ ఒకటి పోయిన నెలే చేతికొచ్చింది. నిస్సీ పెళ్లికని ఆ డబ్బు దాచింది. ఆ పూట మంచమ్మీద కూర్చుని అత్తకు అట్టముక్కతో విసురుతూ, నిస్సీ పెళ్లి ఇంకా చాలా దూరముంది, ఎండాకాలం మాత్రం ఇక్కడే ఉందనుకుంది.

శనివారం ఆఫీసుకు సెలవు. పొద్దున్నే జీవన్ కుమార్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, "నేను ఉప్పల్ పోతున్న. కరెంటోళ్లను కల్సి, ఇంకెన్ని దినాలని నిలదీసి వస్త. ఊకుంటే పనులు కావు," అని బయల్దేరాడు. ఫోనూ, చార్జరూ, చెవిలో పెట్టుకునే తీగా అన్నీ సంచిలో వేసుకున్నాడు. కరెంటువాళ్లను నిలదీయడానికి చార్జరెందుకో దోర్కాకు తోచలేదు, అప్పటికి.

ఎండ ముదిరేసరికి లూర్దమ్మకు కళ్లు తిరిగాయి. బాలనర్సింహ వచ్చి, "పెద్దమ్మా, నా మీద చెయ్యేసి నడువు" అని ఆమెను తన ఇంటికి తీసుకెళ్లి ఫ్యాను కింద పడుకోబెట్టాడు. ఉప్పు వేసిన మజ్జిగ తాగాక ఆమె తేరుకుంది. పక్కనే నిలబడిన దోర్కా అంది:

"అన్నా, జర ఉప్పల్ దాంక కారు తీస్తవా? ఇన్వర్టర్ కొనాలె. పైసలు నాయే."

బాలనర్సింహ కళ్లు మెరిశాయి. షోరూంకు పోవడమంటే అతనికి జాతరకు పోయినట్టు. "ఎందుకు తియ్య వదినా! ఏది దీస్కోవాల్నో నేను జెప్త. పెద్దమ్మా, నువ్వు గూడ రా. కార్ల ఏసీ ఏస్త, సల్లగుంటది."

హబ్సిగూడ దాటుతుండగా, కారు ముందు తగిలించిన బాలనర్సింహ ఫోన్ టింగుమంది. 'రూపాయికి రక్షణ' లైవ్ మొదలైందట. అతను నొక్కాడు. తెరమీద జీవన్ కుమార్ ముఖం వచ్చింది. వెనక బూడిదరంగు గోడ.

"ప్రియమైన పొదుపు మిత్రులారా! మా ఇంట్లో కరెంటు లేక ఇది మూడో రోజు. ఫ్యాను లేదు. చల్లని నీళ్లు లేవు. అయినా నేను కుంగిపోలేదు. నిజానికి ఈ చెమటలోనే నాకు జ్ఞానోదయమైంది..."

"చెమట యాడున్నది?" అంది లూర్దమ్మ వెనక సీటు నుంచి ముందుకు వంగి.

"ఫోన్ల కనవడది, పెద్దమ్మా."

"ఎంటికలెందుకు ఎగురుతున్నయ్?"

నిజమే. జీవన్ కుమార్ నుదుటి మీద జుట్టు సన్నగా, హాయిగా ఊగుతోంది. దోర్కా కూడా ముందుకు వంగింది.

"మనకు నిజంగా ఏం కావాలి మిత్రులారా? ఒక నీడ. ఒక గ్లాసు నీళ్లు. సంతృప్తి. మిగిలినవన్నీ కంపెనీలు మనకు అంటగట్టిన..."

వెనక ఎక్కడో ఒక ఆడగొంతు మైకులో వినిపించింది: "సమ్మర్ ధమాకా! పాత కూలర్ ఇవ్వండి, కొత్త ఏసీ తీసుకెళ్లండి!"

"పక్కింటి టీవీ," అన్నాడు జీవన్ కుమార్, రెప్ప వేయకుండా. కరెంటు లేని బస్తీలో పక్కింటి టీవీ ఎలా మోగుతోందో అతనికీ తట్టినట్టుంది. వెంటనే సంతృప్తి గురించి గొంతు పెంచాడు. అప్పుడే అతని వెనకనున్న బూడిదరంగు గోడ మెల్లగా తెరుచుకుంది. లోపల తెల్లటి లైటు వెలిగింది. అరల్లో ప్లాస్టిక్ ఆపిల్ పండ్లు, ప్లాస్టిక్ క్యాప్సికం, ఖాళీ సీసాలు వరసగా కనిపించాయి. వాటి మధ్యకు ఒక మీసాల మనిషి తల దూర్చి, అటూ ఇటూ చూసి, "దీన్ల గుడ్లు యాడ బెట్టాలే?" అని ఎవరినో అడిగాడు.

లైవ్ ఆగిపోయింది. 'నెట్‌వర్క్ సమస్య' అని ఒక మెసేజ్ వచ్చింది.

బాలనర్సింహ ఫోన్‌ను మళ్లీ నొక్కి చూశాడు.

"గోడ తెరుసుకున్నదేందే?" అంది లూర్దమ్మ.

"అది గోడ కాదు, అత్తమ్మా," అంది దోర్కా.

ఉప్పల్‌లో మెయిన్ రోడ్డు మీద, 'సమ్మర్ ధమాకా' అని బ్యానర్ కట్టిన షోరూం ముందు కారాపి, అద్దాల తలుపు తీయగానే చల్లగాలి ముఖాన కొట్టింది. మైకులో అదే గొంతు పాత కూలర్ ఇవ్వమంటోంది. ఫ్రిజ్‌ల వరస దాటితే ఏసీల విభాగం. అక్కడ, పని చేస్తున్న ఏసీకి సరిగ్గా ఎదురుగా, వెనక్కి వాలే కుర్చీలో కాళ్లు చాపుకుని, ఫోన్‌ను గోడ ప్లగ్గుకు తగిలించి, షోరూంవాళ్లిచ్చిన చాయ్ తాగుతూ జీవన్ కుమార్ కూర్చునున్నాడు. కాఫీ హోటల్లో కూర్చుంటే కాఫీ కొనాలి. ఇక్కడ ఏమీ కొనక్కర్లేదు. దాన్ని పొదుపనే అనాలి.

దోర్కాను చూసి అతను లేవబోయాడు. వాలే కుర్చీలోంచి తొందరగా లేవడం కష్టం. చాయ్ కొంచెం చొక్కా మీద పడింది.

"నువ్వు... ఈడికెందుకొచ్చినవే?"

ఆమె జవాబు చెప్పేలోపే సేల్స్ అమ్మాయి గీతిక పరుగున వచ్చింది. పొద్దుటి నుంచి ఈ కస్టమర్ చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయిన ముఖం ఒక్కసారి విప్పారింది. "మీరేనా మేడం? హమ్మయ్య, వచ్చిన్రా! పొద్దటి సంది సార్ ఇదే ఏసీ ముంగట కూసొని చూస్తున్నరు. మస్తు నచ్చింది సార్‌కు. మా మేడం వచ్చినంక ఫైనల్ జేస్తమన్నరు. మీ కోసమే ఆగినం."

జీవన్ కుమార్‌కు ఏసీ గాల్లోనే మొదటిసారి చెమట పట్టింది.

దోర్కా అతన్ని చూసింది. ఏసీని చూసింది. మళ్లీ అతన్ని చూసింది. అరవాలని ఆమెకు చాలా ఉండింది. కానీ అరిస్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది. "గంత నచ్చిందా?" అని నెమ్మదిగా అడిగింది. "నాకు జెప్పనేలేదు. నా కోసమే సూస్తున్నవా, నిస్సీ డాడీ?"

"పక్కకు రా, మాట్లాడుదం."

"ఈడనే మాట్లాడు. ఈ పిల్ల పాపం పొద్దటి సంది నిలబడ్డది."

ఈ మాటల మధ్యలో, ఇందాక లైవ్‌లో ఫ్రిజ్‌లోంచి కనబడ్డ మీసాల మనిషి భార్యతో సహా అక్కడికి వచ్చాడు. జీవన్ కుమార్‌ను పరీక్షగా చూసి, "సార్, మీరు రూపాయికి రక్షణ సారే గదా?" అన్నాడు. అతని పేరు కొమురెల్లి. ఉండేది చెంగిచెర్లలో, తోలేది స్కూలు బస్సు. "నేను మీ వీడియోలు ఒక్కటి ఇడిసిపెట్ట, సార్. మీ మాట ఇని రెండేండ్ల సంది ఫ్రిజ్ కొనలే. మా ఆమె దినాం నన్ను తిడ్తది. ఇయ్యాల పిలగానికి జరమొస్తే మందు సల్లగ పెట్టాలని డాక్టర్ అన్నడు, ఇగ తప్పక వచ్చినం. మీరు ఈడేం జేస్తున్నరు, సార్?"

"రీసెర్చ్," అన్నాడు జీవన్ కుమార్.

"ఏం రీసెర్చ్?"

"ఈ కంపెనీలు మనల్ని ఎట్ల మోసం జేస్తయో, లోపలికొచ్చి చూడాలె గదా."

కొమురెల్లి భార్య ముందుకొచ్చింది. ఆమె ఇప్పటిదాకా ఈ మనిషిని ఫోన్లోనే చూసి తిట్టుకుంది. "గా కుర్సీల పండుకొని సూడాల్నా? నీ మాటలు ఇని మా ఇంట్ల పాలు విరిగినయ్, కూరలు పాసిపోయినయ్. గవ్వన్ని కలిపితే ఇరవై ఏండ్లకు ఎంతయితయో లెక్క జెప్పు."

చుట్టూ నలుగురైదుగురు పోగయ్యారు. జీవన్ కుమార్ గొంతు సవరించుకున్నాడు. "చూడండి మిత్రులారా, నేను అబద్ధమాడలేదు. మా ఇంట్లో కరెంటు లేదన్నాను. లేదు. నేను మా ఇంట్లో ఉన్నానని ఎక్కడైనా అన్నానా?"

"గోడ లెక్క ఫ్రిజ్‌ను ఎనక వెట్టుకున్నవు గదనే, అన్నా," అన్నాడు బాలనర్సింహ. అతని మాటలో ఎగతాళి లేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. "నాకైతే తోచకపోవు."

దోర్కా జీవన్ కుమార్ దగ్గరగా వెళ్లి, అతనికే వినబడేలా చెప్పింది. "రెండే ఉన్నయ్. సల్లగాలికొచ్చి కూసున్న, కొనేది లేదని ఈ పిల్లకు ఇందరి ముంగట జెప్పు. లేకుంటే కొను."

"అమ్మకు ఏసీ పడదే," అన్నాడతను, పైకే. "ముసలిదాయె. కీళ్లు పట్టేస్తయ్."

అందరూ లూర్దమ్మ కోసం చూశారు. అతను ఖాళీ చేసిన వాలే కుర్చీలో ఆమె అప్పటికే కాళ్లు చాపుకుని కూర్చునుంది. చెంగు గాలికి ఎగురుతోంది. కళ్లు సగం మూసుకునున్నాయి.

"ఎవరికి పడదురా?" అంది ఆమె కళ్లు తెరవకుండానే. "ఇప్పుడు పడుతలేదా?"

జీవన్ కుమార్ గీతికను పక్కకు పిలిచి, గొంతు బాగా తగ్గించి ఏదో అడిగాడు. ఆ పిల్ల ఉత్సాహం పట్టలేక షోరూం అంతా వినబడేలా చెప్పింది. "ఉంది సార్! నో కాస్ట్ ఈఎంఐ! పన్నెండు నెలలు పెట్టుకోండి సార్!"

బాలనర్సింహ దగ్గరకొచ్చి భుజం తట్టాడు. "మంచిది దీస్కున్నవన్నా. మొదటి కిస్తు కట్టేటప్పుడే జర కడుపుల తిప్పినట్టయితది. తర్వాత అలవాటయితది."

ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి ఒకేసారి కట్టేయొచ్చు కదా అని దోర్కా అడిగింది. దాన్ని ముట్టుకోవద్దన్నాడు జీవన్ కుమార్. జీవితంలో మొదటిసారి అప్పు చేయాల్సివచ్చినా సరే, ఆపదకోసం దాచిన డబ్బును ఆపదలో వాడకూడదన్నది అతని నియమం. దోర్కా తన చిట్టీ డబ్బు తీసి ఇన్వర్టర్‌కు మొత్తం కట్టి, బిల్లు తన పేరు మీద రాయించుకుంది. కొమురెల్లి భార్య రెండు తలుపుల ఫ్రిజ్‌కు బేరం పెట్టింది. కొమురెల్లి అడ్డం చెప్పబోయి, జీవన్ కుమార్ వైపొకసారి చూసి ఊరుకున్నాడు.

లైవ్‌ను జీవన్ కుమార్ తుడిచేశాడు. కానీ ఎవరో అప్పటికే దాచుకున్నారు. గోడ తెరుచుకుని లైటు వెలిగే ముక్క ఆదివారం ఆరాధన మొదలయ్యేసరికి చర్చి గ్రూపులన్నిటికీ చేరింది. పాటల మధ్యలో వెనక బెంచీల్లో ఎవరో "గుడ్లు యాడ బెట్టాలే?" అని గొణిగితే, కుర్రాళ్లు పుస్తకాల్లో ముఖాలు దాచుకున్నారు. చానెల్ చూసేవాళ్ల సంఖ్య మాత్రం మూడింతలైంది. దాన్ని జీవన్ కుమార్ తన మాటల బలమే అనుకున్నాడు. వారం తిరక్కుండా 'తెలివైన కుటుంబం ఏసీ ఎలా కొంటుంది?' అని వీడియో పెట్టాడు. అందులో దోర్కా పేరు లేదు. ఇన్వర్టర్ గురించి మాట్లాడుతూ "నేను రెండేళ్లుగా మా ఇంట్లో చెబుతూనే ఉన్నాను" అన్నాడు. అది దోర్కా కేకుకు క్రీము రాస్తూ విని, చేతిలోని గరిటె కిందపెట్టి, గట్టిగా నవ్వింది.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక ఏసీని లూర్దమ్మ గదిలో పెట్టించారు. తనకు అక్కర్లేదనీ, తాను హాల్లో ఫ్యాను కిందే పడుకుంటాననీ, మనిషికి నియమం ముఖ్యమనీ జీవన్ కుమార్ అందరికీ చెప్పాడు. మొదట్లో రోజుకోసారి తల్లి గదిలోకి తొంగిచూసి, ఉష్ణోగ్రత ఎంత పెట్టారని ఆరా తీసేవాడు. తర్వాత ఆరా తీయడానికి లోపలికొచ్చి కొంచెంసేపు నిలబడేవాడు. జూన్‌లో వానలు ఇంకా రాని ఒక ఆదివారం, చర్చి నుంచొచ్చి భోజనం చేశాక, చాపా దిండూ చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఏందిరా?" అంది లూర్దమ్మ.

"ఒక్కదానికి గింత కరెంటు వేస్టమ్మా. ఇద్దరు పండుకుంటే మనిషికి ఖర్చు సగమైతది."

దోర్కా ఆ మాట విని, వంటిల్లు సర్దేసి తానూ ఒక దిండు తెచ్చుకుంది. "ముగ్గురైతే ఇంకా తగ్గుతది గదా," అంది.

జీవన్ కుమార్ పైకి చూస్తూ పెదాలు కదిపాడు, భాగించుకుంటున్నట్టు. లెక్క పూర్తయ్యేలోపే గురక వచ్చింది. లూర్దమ్మ మంచమ్మీంచి వంగి, కోడలి వైపు చెయ్యి ఊపింది.

"తలుపెయ్యి బిడ్డా. సల్లగాలంత బయటికే పోతున్నది."